మందులు వాడుతున్నప్పుడు రక్తం గడ్డకట్టే పరీక్షలు: ఐఎన్‌ఆర్ 2.8 నుంచి 5.6కు ఎందుకు పెరిగింది?

గౌతమి_ఒడ్డు:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారి వయసు 61. చిన్నతనంలో వచ్చిన కీళ్ల జ్వరం వల్ల మైట్రల్ కవాటం పాడైపోవడంతో కొన్నేళ్ల కిందట లోహపు వాల్వు అమర్చారు. అప్పటి నుంచి రక్తం పలచబడే ఎసిట్రోమ్ బిళ్ల రోజూ సాయంత్రం వేసుకుంటున్నారు. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే పిటి ఐఎన్‌ఆర్ అంకె (పెరిగేకొద్దీ రక్తం పలచబడినట్టు) 2.5కూ 3.5కూ మధ్య ఉండాలని గుండె వైద్యులు చెప్పారు. చాలా కాలంగా 2.8, 3.0 దగ్గరే నిలకడగా ఉంది. ఈ సోమవారం చేయిస్తే 5.6 వచ్చింది. మోతాదు మారలేదు, ఒక్క పూట కూడా తప్పలేదు, భోజనమూ ఎప్పటిలాగే ఉంది. మారిందల్లా ఒక్కటే. చిగురు వాచి చీము పట్టిందని దంతవైద్యులు అమోక్సిసిల్లిన్, మెట్రోనిడజోల్ రాసి ఇచ్చారు, నొప్పికి పారాసిటమాల్ ఇచ్చారు. సోమవారానికి ఆ మందులు మొదలుపెట్టి ఐదు రోజులైంది. రక్తం ఎక్కడా కారడం లేదు గాని ముంజేతి మీద కమిలిన మచ్చ ఒకటి కనిపిస్తోంది. ఈ అంకె నిజమేనా, లేక ల్యాబ్ పొరపాటా? మరోచోట మళ్లీ చేయించమంటారా?

డా_పల్నాడు:

చర్చ సంగతి తరువాత చూద్దాం, ముందు మీ గుండె వైద్యులకు ఈ రోజే ఫోన్ చేసి ఈ అంకెనూ, పంటి మందుల పేర్లనూ చెప్పండి. రక్తస్రావం లేకుండా 4.5కూ 10కీ మధ్య ఐఎన్‌ఆర్ ఉన్నప్పుడు సాధారణంగా ఒకటి రెండు మోతాదులు ఆపించి, తొందరగా మళ్లీ పరీక్ష చేయించి, తగ్గించిన మోతాదుతో తిరిగి మొదలుపెట్టిస్తారు. విటమిన్ కె మాత్ర మాత్రం ఎవరో చెప్పారని మీ అంతట మీరు వేయకండి. లోహపు వాల్వు ఉన్నవారిలో ఐఎన్‌ఆర్ ఒక్కసారిగా కిందికి పడిపోతే వాల్వు మీద గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంటుంది. తలకు దెబ్బ తగిలినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, మలం నల్లగా జిగటగా వచ్చినా ఫోన్ కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

పాత_మందుల_కొట్టు:

నమస్కారం గౌతమి గారూ. మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే ఆ అంకె నిజమే అయి ఉండే అవకాశం ఎక్కువ. ఎసిట్రోమ్ అంటే ఎసినోకౌమరాల్. వార్ఫరిన్ కూడా ఇదే కుటుంబానికి చెందినది. కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే రెండు, ఏడు, తొమ్మిది, పది సంఖ్యల గడ్డకట్టే కారకాలను ఇవి అణచివేస్తాయి. ఒంట్లో చేరిన ఈ మందులను విచ్ఛిన్నం చేసి బయటికి పంపడంలో కాలేయంలోని సివైపి2సి9 అనే ఎంజైముది పెద్ద పాత్ర. మెట్రోనిడజోల్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. అంటే మీరు వేసే బిళ్ల అదే అయినా, ఒంట్లో నిలిచే మందు మాత్రం రోజురోజుకూ పెరుగుతుంది. దానికి తోడు పంటి నొప్పితో అమ్మగారు తిండి తగ్గించి ఉంటే విటమిన్ కె అందడమూ తగ్గి ఉంటుంది.

ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకోనజోల్, యాంటీబయాటిక్ అయిన కోట్రైమాక్సజోల్ కూడా ఇదే పని చేస్తాయి. నోటిపూతకు రాసే మైకోనజోల్ జెల్‌ను పైపూతే కదా అని ఎవరూ లెక్కపెట్టరు గాని, అది నోటి నుంచి కడుపులోకి వెళ్లి ఐఎన్‌ఆర్‌ను గట్టిగానే పెంచుతుంది. గుండె లయకు ఇచ్చే అమియోడరోన్ మరీ మొండిది. వారాల తరబడి నెమ్మదిగా ప్రభావం చూపుతూ, ఆపిన తరువాత కూడా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది. ఇక పారాసిటమాల్ అంటారా, ఎప్పుడో ఒక మాత్ర వేసుకుంటే ఏమీ కాదు; రోజుకు 2 గ్రాములు, ఆపైన కొన్ని రోజుల పాటు వాడితే ఐఎన్‌ఆర్ కొంత పెరుగుతుంది. అలాగని దాన్ని మానేసి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకోవడం పెనం మీద నుంచి పొయ్యిలో పడటమే, ఎందుకంటే అది కడుపులో పుండ్లు చేసి అక్కడి నుంచే రక్తం కారేలా చేస్తుంది.

ఒక్క మాట. మందుల కొట్టుకు వచ్చినవారు చీటీ ఇచ్చి మందులు అడుగుతారే తప్ప, ‘నేను ఎసిట్రోమ్ వాడుతున్నాను’ అని నూటికి తొంభై మంది చెప్పరు. అడిగే ఓపిక అవతలి వారికీ ఉండదు.

అనుమానాల_అప్పన్న:

ఇంత లోతు విశ్లేషణ అవసరమా అని నా సందేహం. ఒకే రోజు, ఒకే చేతి నుంచి తీసిన రక్తానికి మా ఊళ్లో ఒక ల్యాబ్ 2.5 అనీ, మరొకటి 3.3 అనీ రాసి ఇచ్చాయి. ఏ మందూ మారలేదు. అలాంటప్పుడు 5.6ను పట్టుకుని మెట్రోనిడజోల్‌ను దోషిగా నిలబెట్టడం ఎంతవరకు సమంజసం?

నీలిమూత:

అప్పన్న గారి సందేహంలో పస ఉంది, అందుకే వివరంగా చెబుతాను. నేను ల్యాబ్‌లో పనిచేసేవాణ్ని. పిటి పరీక్షలో మేము ప్లాస్మాకు, గడ్డకట్టడాన్ని మొదలుపెట్టించే థ్రాంబోప్లాస్టిన్, కాల్షియం కలిపి గడ్డ ఏర్పడటానికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలుస్తాము. ఒక్కో కంపెనీ థ్రాంబోప్లాస్టిన్‌కు ఒక్కో చురుకుదనం ఉంటుంది కాబట్టి సెకన్లను నేరుగా పోల్చలేము. ఆ తేడాను సరిచేయడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్‌ఆర్ పద్ధతిని తెచ్చింది. రోగి సెకన్లను సాధారణ సగటు సెకన్లతో భాగించి, వచ్చిన నిష్పత్తిని ఆ కిట్ థ్రాంబోప్లాస్టిన్ చురుకుదనాన్ని తెలుపుతూ డబ్బాలో ఇచ్చే ఐఎస్ఐ అనే సంఖ్యకు ఘాతం చేయాలి. ఉదాహరణకు రోగికి 30 సెకన్లు, సాధారణ సగటు 12 సెకన్లు అనుకుందాం, నిష్పత్తి 2.5. కిట్ ఐఎస్ఐ 1.0 అయితే ఐఎన్‌ఆర్ 2.5. అదే ఐఎస్ఐ 1.3 అయితే 3.3. కొత్త లాట్ కిట్ తెరిచినప్పుడు యంత్రంలో ఈ సంఖ్యను మార్చడం మరచిపోయారంటే ఆ రోజు వచ్చిన ప్రతి రిపోర్టూ తప్పే. మీకు ఎదురైన తేడాకు కారణం అదేనని ఇక్కడి నుంచి చెప్పలేను గాని, అలా జరగడానికి ఆస్కారం ఉంది.

శాంపిల్ తీసే దగ్గరా పొరపాట్లు జరుగుతాయి. లేత నీలం మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే సోడియం సిట్రేట్ 0.3 మి.లీ. ఉంటుంది, దానికి సరిగ్గా 2.7 మి.లీ. రక్తం పడాలి. ముసలివారి నరం దొరకక సగం ట్యూబు నింపి పంపిస్తే సిట్రేట్ ఎక్కువైపోయి, మేము కలిపే కాల్షియాన్ని కూడా అది పట్టేసుకుని, గడ్డ ఆలస్యంగా ఏర్పడుతుంది. అందుకే గీత వరకు నిండని ట్యూబును వెనక్కి పంపిస్తాము; ‘కొంచెం తక్కువైతే ఏమవుతుంది సార్’ అనే మాట మాకు రోజూ వినబడుతుంది.

అయినా గౌతమి గారి విషయంలో నా అభిప్రాయం పాత_మందుల_కొట్టు గారి వైపే ఉంది. నెలల తరబడి నిలకడగా ఉన్న అంకె, ఐఎన్‌ఆర్‌ను పెంచుతుందని తెలిసిన మందు మొదలైన ఐదో రోజునే రెట్టింపు కావడం యాదృచ్ఛికం అనుకోలేము. మళ్లీ చేయిస్తే అదే ల్యాబ్‌లో, నిండు ట్యూబుతో చేయించండి. కొత్త ల్యాబ్‌కు వెళితే మందు తేడా ఎంతో, ల్యాబ్ తేడా ఎంతో విడదీయలేరు.

మంజీర:

మా అన్నయ్యకు గుండె లయ తప్పిందని రక్తం పలచబడే కొత్త రకం మందు రివరాక్సాబాన్ 20 మి.గ్రా. ఇచ్చారు. దీనికి ఐఎన్‌ఆర్ పరీక్ష అక్కరలేదన్నారు. అయినా ఎందుకైనా మంచిదని మేము చేయిస్తే 1.6 వచ్చింది. ‘రెండు దాటలేదు, మందు సరిపోవడం లేదు’ అని బంధువుల్లో ఒకరు భయపెడుతున్నారు. ఇంకో మాట, గౌతమి గారి అమ్మగారికి కూడా ఈ పరీక్షల గొడవ లేని కొత్త మందు ఇవ్వవచ్చు కదా?

చికాగో_పిన్ని:

మంజీరా, ఆ 1.6ను చూసి మందు పెంచడమూ వద్దు, తగ్గించడమూ వద్దు. ఐఎన్‌ఆర్ లెక్కలో వాడే ఐఎస్ఐ సంఖ్యను వార్ఫరిన్ లాంటి మందులు వాడేవారి రక్తంతో సరిచూసి నిర్ణయిస్తారు కాబట్టి, రివరాక్సాబాన్ వాడేవారికి ఆ అంకె ఏ అర్థమూ ఇవ్వదు. ఒక కిట్‌తో 1.6 వచ్చిన రక్తమే మరో కిట్‌తో 1.2 రావచ్చు. మాత్ర వేసుకున్న 2 నుంచి 4 గంటల మధ్య చేయిస్తే ఎక్కువగానూ, మరుసటి మాత్రకు ముందు చేయిస్తే తక్కువగానూ వస్తుంది. అదే కోవలోని మరో కొత్త మందు అపిక్సాబాన్ ఇంకా గడసరిది. అది ఒంట్లో పూర్తిగా పనిచేస్తున్నప్పుడు కూడా పిటి, ఏపిటిటి (గడ్డకట్టే సమయాన్ని మరో దారిలో కొలిచే పరీక్ష) రెండూ మామూలుగానే కనిపించవచ్చు. నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. అత్యవసర విభాగానికి వచ్చిన రోగి ఏ మందు వాడుతున్నాడో చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు, ఐఎన్‌ఆర్ 1.1 ఉంది కదా అని రక్తం పలచబడే మందు ఏదీ లేదనుకోవడం చాలా ప్రమాదకరం. మరో కొత్త మందు డాబిగాట్రాన్ అయితే థ్రాంబిన్ టైమ్ పరీక్ష దాన్ని పట్టేస్తుంది. అది మామూలుగా ఉంటే ఒంట్లో చెప్పుకోదగ్గ డాబిగాట్రాన్ లేనట్టే. రివరాక్సాబాన్, అపిక్సాబాన్‌లను కొలవాలంటే ఆ మందుకు ప్రత్యేకంగా సరిచూసిన యాంటీ-టెన్ఎ పరీక్ష (పదో కారకాన్ని మందు ఎంత అణచివేస్తోందో చూసేది) కావాలి.

డా_పల్నాడు:

మంజీర గారి రెండో ప్రశ్నకు: లోహపు వాల్వు ఉన్నవారికి ఈ కొత్త మందులు పనికిరావు. డాబిగాట్రాన్‌ను అలాంటివారిలో పరీక్షించిన రీ-అలైన్ అధ్యయనాన్ని గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు. దాని ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కీళ్ల జ్వరం వల్ల కవాటం పాడై, గుండె లయ తప్పినవారిలో రివరాక్సాబాన్‌ను పరిశీలించిన ఇన్‌విక్టస్ అధ్యయనంలోనూ, 2022లో, పాత మందులే మేలని తేలింది. మన దేశంలో కీళ్ల జ్వరం వల్ల వచ్చే గుండె జబ్బు ఇంకా ఉంది కాబట్టి ఐఎన్‌ఆర్ పరీక్షతో పని ఇప్పట్లో తీరేది కాదు.

ఓరుగల్లు_అమ్మ:

నాది వేరే సమస్య. మా అమ్మాయికి 27 ఏళ్లు. కాలి సిరలో గడ్డ కట్టిందని ఆసుపత్రిలో చేర్చి, ఇంజెక్షన్లతో పాటు వార్ఫరిన్ మొదలుపెట్టారు. ఆ తరువాతి వారంలో ఎవరో సలహా ఇస్తే ‘గడ్డలు ఎందుకు కడుతున్నాయో తెలుసుకునే ప్యాకేజీ’ చేయించాము. ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ రెండూ తక్కువగా వచ్చాయి, లూపస్ యాంటీకోయాగ్యులంట్ (గడ్డలు కట్టే ముప్పును పెంచే ఒక ప్రతిరక్షకం) ఉన్నట్టు అనుమానం అని రాశారు. ఇది వంశపారంపర్యమనీ, చిన్నమ్మాయికి కూడా పరీక్షలు చేయించాలనీ చెప్పారు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇల్లు; ఈ కాగితం వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

నీలిమూత:

అమ్మా, ఆ కాగితం చూసి ఏ నిర్ణయానికీ రాకండి. గడ్డకట్టే కారకాలే కాక, గడ్డను అదుపులో ఉంచే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ కూడా విటమిన్ కె మీద ఆధారపడే తయారవుతాయి. వార్ఫరిన్ వేసుకునేవారిలో అవి తగ్గకపోతేనే ఆశ్చర్యపోవాలి. హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తే, గడ్డను అదుపులో ఉంచే మరో ప్రోటీన్ అయిన యాంటీథ్రాంబిన్ కొంత పడిపోతుంది. కొత్తగా పెద్ద గడ్డ ఏర్పడినప్పుడు ఈ ప్రోటీన్లు అక్కడే ఖర్చయిపోయి, ఏ మందూ లేకపోయినా తక్కువగా కనబడవచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, గర్భవతి అయినా ప్రోటీన్ ఎస్ తగ్గుతుంది. అందువల్ల వైద్యులు చికిత్స కాలం ముగిశాక, వార్ఫరిన్‌ను సురక్షితంగా ఆపగలిగితే, ఆపిన కొన్ని వారాల తరువాత ఈ పరీక్షలు చేయిస్తారు; ప్రోటీన్ సికి కనీసం 2 వారాలు, ప్రోటీన్ ఎస్‌కు ఇంకొంచెం ఎక్కువ వ్యవధి ఇస్తారు. పరీక్ష కోసమని మందును మాత్రం మీరు ఆపకూడదు.

లూపస్ యాంటీకోయాగ్యులంట్ కథ కూడా ఇలాంటిదే. వార్ఫరిన్, హెపారిన్, రివరాక్సాబాన్‌లలో ఏది ఒంట్లో ఉన్నా ఆ పరీక్షలో గడ్డ ఆలస్యమై, లేనిది ఉన్నట్టు కనబడవచ్చు. రివరాక్సాబాన్ వాడేవారిలో దీనికి విరుద్ధంగా ప్రోటీన్ ఎస్ ఎక్కువగా కనిపించి, నిజంగా ఉన్న లోపం మరుగున పడిపోవచ్చు. గడ్డ పట్టే సమయాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతి కావడమే దానికి కారణం. ప్యాకేజీలో ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ (వంశపారంపర్యంగా గడ్డలు కట్టే ముప్పును పెంచే జన్యుమార్పు) జన్యుపరీక్ష ఉంటే దాన్ని నమ్మవచ్చు, డిఎన్ఎను ఏ మందూ మార్చదు. చిన్నమ్మాయికి ఇప్పుడే పరుగులు పెట్టవలసిన పని లేదు.

అనుమానాల_అప్పన్న:

అంటే చేయకూడని సమయంలో ప్యాకేజీ అమ్మారన్నమాట. ఇందాక నేను అన్నది ఇదే.

పాత_మందుల_కొట్టు:

అప్పన్న గారూ, ఇక్కడ లోపం పరీక్షది కాదు, అడిగిన సమయానిది. పరీక్ష చీటీ మీద ‘ప్రస్తుతం వాడుతున్న మందులు’ అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉన్న చీటీలే ఎక్కువ. అది నింపి ఉంటే నీలిమూత గారి లాంటివారు శాంపిల్ తీయకముందే ఆపగలిగేవారు.

రంగనాయకి_విశాఖ:

మా అబ్బాయికి తీవ్రమైన హీమోఫీలియా ఎ (ఎనిమిదో గడ్డకట్టే కారకం లోపించి రక్తం ఆగని జబ్బు) ఉంది. ఎమిసిజుమాబ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక రక్తస్రావాలు బాగా తగ్గాయి. చేయి విరిగి ఒక ఆసుపత్రికి తీసుకువెళితే అక్కడ ఏపిటిటి పరీక్ష చేశారు. మామూలు కంటే కూడా తక్కువ సెకన్లు వచ్చింది. అది చూసిన యువ వైద్యుడు ‘ఇతనికి హీమోఫీలియా లేదు, మామూలుగానే శస్త్రచికిత్స చేయవచ్చు’ అన్నారు. మేము ఫైలు తెరిచి చూపించి, మా రక్తవ్యాధి నిపుణులతో ఫోన్‌లో మాట్లాడించేదాకా వారు నమ్మలేదు. దీన్ని ఎవరైనా వివరించగలరా?

నీలిమూత:

ఎమిసిజుమాబ్ ఎనిమిదో కారకం చేసే పనిని చేస్తుంది, తొమ్మిదినీ పదినీ దగ్గరికి చేర్చి పట్టుకుంటుంది. అసలు ఎనిమిదో కారకం ముందుగా ఉత్తేజితం కావాలి; దీనికి ఆ అవసరం లేదు. ఏపిటిటి పరీక్షలో ఆ ఉత్తేజానికి పట్టే కాలం కూడా సెకన్లలో కలిసే ఉంటుంది కాబట్టి, ఈ మందు ఉన్నప్పుడు ఒంట్లో జరుగుతున్న మేలు కన్నా ఎక్కువ మేలు కాగితం మీద కనబడుతుంది. ఏపిటిటి మీద ఆధారపడి కొలిచే ఎనిమిదో కారకం స్థాయి కూడా అబద్ధంగా ఎక్కువ వస్తుంది. ఆవు ప్రోటీన్లతో చేసిన క్రోమోజెనిక్ (రంగు మార్పును బట్టి కొలిచే) కిట్‌తో కొలిస్తేనే అసలు స్థాయి తెలుస్తుంది, ఎందుకంటే ఎమిసిజుమాబ్ మనిషి ప్రోటీన్లనే పట్టుకుంటుంది. మందు ఆపిన తరువాత కూడా దాదాపు 6 నెలల వరకు ఈ చిక్కు ఉంటుంది. బాబు దగ్గర ఈ మందు పేరు రాసిన కార్డు ఎప్పుడూ ఉండాలి.

చికాగో_పిన్ని:

దీనికి అద్దంలో బొమ్మ లాంటి సంగతి డాప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో జరుగుతుంది. కొన్ని థ్రాంబోప్లాస్టిన్ కిట్లలో అది ట్యూబులోనే అడ్డుపడి పిటిని పెంచి చూపిస్తుంది. రోగి రక్తంలో ఏ మార్పూ ఉండదు, రక్తం కారే ప్రమాదమూ పెరగదు. తరువాతి మోతాదుకు కాస్త ముందు, ఒంట్లో మందు తక్కువగా ఉన్నప్పుడు మళ్లీ తీయమంటారు.

డా_పల్నాడు:

ఆ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఐసియులో మనవైపు ఎక్కువగా కనబడేది సెఫోపెరజోన్ అనే యాంటీబయాటిక్. ఇది ట్యూబులో జరిగే మోసం కాదు. ఆ మందు నిర్మాణంలోని ఒక భాగం విటమిన్ కె చక్రాన్ని అడ్డుకుంటుంది. రోగి నోటితో ఏమీ తినకుండా సెలైన్ మీద ఉంటే పిటి నిజంగానే పెరిగి రక్తం కారుతుంది. ఇంట్లోవారు కాలేయం పాడైందేమోనని బెంబేలెత్తుతారు. విటమిన్ కె ఇంజెక్షన్‌తో ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటే కారణం తెలిసిపోయినట్టే.

అనుమానాల_అప్పన్న:

పన్ను పీకించుకునే ముందు నాకు బిటి (రక్తం కారే సమయం), సిటి (గడ్డకట్టే సమయం) పరీక్షలు చేయించారు. రెండూ మామూలుగానే ఉన్నాయి. నేను రోజూ ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్) వేసుకుంటాను. పన్ను పీకాక రాత్రంతా రక్తం ఊరుతూనే ఉంది. మరి ఆ పరీక్షలు ఏం చెప్పినట్టు?

పాత_మందుల_కొట్టు:

ఆస్పిరిన్ గడ్డకట్టే కారకాల జోలికి పోదు కాబట్టి సిటి, పిటి, ఏపిటిటి ఏవీ దాన్ని పట్టుకోలేవు. అది ప్లేట్‌లెట్లను అవి బతికినన్నాళ్లూ, అంటే 7 నుంచి 10 రోజుల పాటు, మొద్దుబారుస్తుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య కూడా తగ్గదు. ఉన్నవాటికి అతుక్కునే గుణం తగ్గుతుంది, అంతే. వేలి మీదో చెవి తమ్మె మీదో గుచ్చి చూసే బిటి పరీక్ష చేసేవారి చేతి తీరు మీద ఆధారపడి ఉంటుంది, శస్త్రచికిత్సలో రక్తం ఎంత పోతుందో చెప్పడానికి అది పనికిరాదని ఎప్పుడో తేలింది. అక్కడ మిమ్మల్ని అడగవలసిన ప్రశ్న ‘ఆస్పిరిన్ వేసుకుంటారా’ అన్నది. అయితే స్టెంట్ ఉన్నవారు పంటి కోసమని ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపకూడదు. చాలా సందర్భాల్లో ఆపకుండానే పన్ను తీసి, గట్టిగా గుడ్డ అదిమి, అవసరమైతే కుట్టు వేస్తారు.

గౌతమి_ఒడ్డు:

అందరికీ కృతజ్ఞతలు. వైద్యులు రెండు రోజులు బిళ్ల ఆపించారు, మెట్రోనిడజోల్ కోర్సు ఎలాగూ ముగిసింది. గురువారం అదే ల్యాబ్‌లో 3.1 వచ్చింది. పాత మోతాదే కొనసాగించి, వచ్చే వారం మళ్లీ చేయించమన్నారు. ఇంకొక్క సందేహం. మా మేనమామగారికి కూడా వాల్వు మార్చారు, ఆయన వార్ఫరిన్ వాడతారు. టీబీ అని తేలి ఆరు నెలల మందులు మొదలుపెట్టిన దగ్గర నుంచి ఐఎన్‌ఆర్ 1.4 దాటడం లేదు. మోతాదు రెట్టింపు చేసినా ఫలితం అంతంత మాత్రమే. మామయ్య గోంగూర మానలేదని అత్తయ్య కోప్పడుతోంది.

పాత_మందుల_కొట్టు:

గోంగూరను వదిలిపెట్టండి. ఏ ఆకుకూరైనా వారం వారం ఒకే తీరుగా తింటే దానికి తగ్గట్టుగానే మోతాదు కుదురుకుంటుంది. ఒక వారం పూర్తిగా మానేసి, మరో వారం మునగాకూ పాలకూరా రోజూ తింటేనే అంకె ఊగిసలాడుతుంది. నీరసానికి పాలలో కలుపుకునే పోషక పొడి ఏదైనా కొత్తగా మొదలుపెట్టారేమో చూడండి, వాటిలో విటమిన్ కె కలిపి ఉంటుంది. కాని మీ మామయ్యగారి విషయంలో అసలు కారణం టీబీ మందుల్లోని రిఫాంపిసిన్. మెట్రోనిడజోల్ ఎంజైమును అడ్డుకుంటే, ఇది కాలేయం చేత ఆ ఎంజైమును మరింతగా తయారుచేయిస్తుంది. వేసుకున్న వార్ఫరిన్ వేసుకున్నట్టే కరిగిపోతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ కూడా ఈ కోవలోకే వస్తాయి.

డా_పల్నాడు:

వాల్వు ఉన్న మనిషికి 1.4 చాలా తక్కువ, ఈ వారంలోనే గుండె వైద్యులను కలవాలి. మోతాదు రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకు మించి పెంచవలసి వస్తుంది. ఐఎన్‌ఆర్ అందుకునే వరకు హెపారిన్ ఇంజెక్షన్లు అవసరమా అన్నది వారు నిర్ణయిస్తారు. టీబీ మందును మాత్రం దీనికోసం ఆపకూడదు. అసలు ప్రమాదం కోర్సు ముగిశాక పొంచి ఉంటుంది. రిఫాంపిసిన్ ఆపిన తరువాత రెండు మూడు వారాల్లో ఆ ఎంజైము మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది. అప్పటికీ పెంచిన మోతాదే వేసుకుంటూ ఉంటే ఐఎన్‌ఆర్ 8, 10 దాటి తలలో రక్తం కారవచ్చు. టీబీ మందులు ఇచ్చే కేంద్రానికీ గుండె ఆసుపత్రికీ మధ్య ఈ కబురు దానంతట అది చేరదు. కాబట్టి చివరి మాత్ర తేదీని ఇప్పుడే ఐఎన్‌ఆర్ పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి పెట్టండి, ఆ తేదీ నుంచి కనీసం నాలుగైదు వారాల పాటు వారానికి ఒకసారి పరీక్ష చేయిస్తూ, మోతాదును మెట్లుమెట్లుగా తగ్గించుకుంటూ రావలసి ఉంటుంది.